రోడ్డు మీద వదిలిన రాళ్ళు

వెంకట్రాజు బాబాయి గారికి,

మా హర్షిణి చేతికి రాడ్డు వేశారు. మీరు ఆసుపత్రికి వచ్చి, "పిల్లకి బండి సరిగ్గా నేర్పలేదురా. రాయి కనపడితే రోడ్డు మధ్యకి రావద్దూ?" అన్నారు. మధ్యలో చేపల లారీ వస్తోందండీ. ఎడమ పక్కనే నడపమని నేర్పింది నేనే. ఆ పక్కనే మీరు ధాన్యం ఆరబోశారు. ఎత్తుకున్నాక, కప్పిన బరకాలు గాలికి ఎగరకుండా పెట్టిన రాళ్ళు రోడ్డు మీదే వదిలేశారు. అడిగితే "ఊళ్ళో అందరూ అంతేగా" అన్నారు.

నిజమే. పోయిన దాళ్వా పంటకి నేనూ అక్కడే వదిలేశాను.

ఈ ఉదయం వెళ్ళి అన్నీ ఏరాను. మీవేవో నావేవో తెలియలేదు. సగం మీ గుమ్మంలో పోశాను, సగం మా గుమ్మంలో.

మీ అన్నగారి అబ్బాయి