వీధికి వీపు తిప్పిన ఇల్లు

ఆల్డర్ వీధి
మే 9, 1966

ప్రియమైన ఆర్వోకి,

నీ ఉత్తరం అందింది. ఎరీ సరస్సు మీద గాలి ఎటు వీచిందో, ఓడలోకి ఎంత ఇనుపరాయి ఎక్కించారో, వంటవాడు బఠాణీ సూపు ఎంత పలచగా కాచాడో అన్నీ తెలిశాయి. నువ్వు ఎలా ఉన్నావన్నది మాత్రం ఎప్పటిలాగే "బాగున్నాను" అన్న ఒక్క మాటతో తేల్చేశావు. పెళ్ళయిన నాటి నుంచీ అదే మాట కాబట్టి నమ్మేశాను. ఇక్కడ చెప్పాల్సింది బోలెడుంది. కాఫీ పక్కన పెట్టుకుని మరీ కూర్చున్నాను. డెట్రాయిట్ దగ్గర టపా పడవవాడు మీ ఓడ పక్కకొచ్చి దీన్ని బక్కెట్లో వేసినప్పుడు, పైకి లాగేవాణ్ణి తాడు కాస్త గట్టిగా పట్టుకోమని చెప్పు.

మన వీధిలో నీళ్ళు ఇంకా రాలేదు. సరస్సు కరిగింది, ఓడలు తిరుగుతున్నాయి, భూమిలో గొట్టాలు మాత్రం గడ్డకట్టే ఉన్నాయి. అదీ అవతలి వైపు, అంటే మీ చర్చివాళ్ళ వైపే. పెద్ద గొట్టం మన అంచున ఉంది. వాళ్ళ ఇళ్ళకి పోయే చిన్న గొట్టాలు రోడ్డు కింద నుంచి దాటాలి. మంచు ఊడ్చేసిన రోడ్డు కింద నేల మరీ లోతుగా గడ్డకడుతుందట. ఈ సంగతి నగర ఇంజనీరు బ్రాండ్‌వోల్డ్ వచ్చి వివరంగా చెప్పాడు. అంతా విని ఉర్హో బాబాయ్, "అయితే దేవుడు కూడా మా హాలువాళ్ళ పక్షమేనన్నమాట" అని అవతలి వైపుకి వినపడేలా అన్నాడు. సమ్మెలూ ఉపన్యాసాలూ నాటకాలూ తప్ప వేరే భక్తి ఎరగని ఆ కార్మికుల హాలులో పుట్టి పెరిగిన మనిషి దేవుడి పేరు ఎత్తడం నేను వినడం ఇదే మొదటిసారి.

మన పంపుకి గొట్టం తగిలించి అవతలికి నీళ్ళు పంపుతామని మనవాళ్ళెవరూ అనలేదు. పంపమని వాళ్ళెవరూ అడగలేదు. ఊళ్ళో మిగతా వీధుల్లో ఇలాంటప్పుడు ఇంటి నుంచి ఇంటికి రబ్బరు గొట్టాలు పాకుతాయి. మన వీధిలో చర్చి పెరట్లోని బావి పంపు దగ్గర నుంచి బిందెలు పాకుతున్నాయి. వయసు మీద పడ్డవాళ్ళు కూడా చక్రాల్లేని చిన్న స్లెడ్జి బండ్ల మీద పాల క్యాన్లు పెట్టి లాక్కెళ్తున్నారు. తాతల నాటి తగాదాకి ఇంకా ఇంత ఓపిక ఉందంటే మన ఫిన్లాండువాళ్ళని మెచ్చుకోవాల్సిందే.

బ్రాండ్‌వోల్డ్ చెప్పే ఉపాయం ఒక్కటే. వీధి మొత్తం తవ్వి, కొత్త గొట్టం లోతుగా వేసి, పైన కొత్త రోడ్డు, అంచులు, కాలిబాట వేయాలి. ఖర్చులో కొంత నగరం భరిస్తుంది. మిగతాది వీధికి రెండు వైపులా స్థలాలున్నవాళ్ళు భరించాలి, ఎవరి స్థలం వీధి వెంబడి ఎన్ని అడుగులుంటే వాళ్ళ వాటా అంత. అయితే ముందు మనమే అర్జీ పెట్టుకోవాలి. దాని మీద సంతకం చేసినవాళ్ళ స్థలాల అడుగులన్నీ కలిపితే మొత్తం వీధిలో మూడో వంతు దాటాలి. అప్పుడే కౌన్సిలు కదులుతుందట.

ఆ అర్జీ పట్టుకుని తిరిగింది ఎవరనుకున్నావు? నేనే. హాలువాళ్ళ కూతుర్ని, చర్చివాళ్ళ కోడల్ని, రెండు వైపులా తిట్లు తినే అర్హత ఈ వీధిలో ఇంకెవరికుంది? ముందు ఉర్హో బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. మా నాన్నకి ప్రాణస్నేహితుడు కదా, యాలకుల రొట్టె పెట్టి, కాఫీ పోసి, కుదరదన్నాడు. తన పంపులో నీళ్ళు వస్తుంటే తను డబ్బు కట్టడం దేనికన్నాడు. నేను రొట్టె నములుతూ, సమాజం, సమష్టి అంటూ హాలువాళ్ళు మాటలే చెబుతారు, చందా అనగానే మాయమవుతారు అని అవతలి వైపు అనుకుంటున్నారని చెప్పాను. ఎవరన్నారని అడిగాడు. పేర్లెందుకులే బాబాయ్ అన్నాను. నిజానికి ఎవరూ అనలేదు, కానీ అనుకోకుండా ఉంటారా? కలం ఇమ్మన్నాడు.

తర్వాత మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. కాగితం తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పై పేరు చదివి తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"ఉర్హో లాహ్తెలా పేరు కింద నా పేరా? ఆ పని జరగదమ్మాయ్."

"రోడ్డు వద్దా అత్తయ్యా?"

"రోడ్డు వద్దని నేనన్నానా? వేరే కాగితం తెమ్మంటున్నాను."

తెచ్చాను. అంచేత మన అర్జీ రెండు కాగితాలు, ఒకటి హాలుది, ఒకటి చర్చిది. బ్రాండ్‌వోల్డ్ పాపం నార్వేవాడు, ఒకే అర్జీకి రెండు కాగితాలెందుకని అడిగాడు. చలి ఎక్కువైతే కాగితం చీలిపోతుందని చెప్పాను.

కొలిచి చూస్తే ఇంకా కొంచెం తక్కువైంది. సరిగ్గా వీధి మూలనున్న మన స్థలం అంత. మనది వీధి అంతటికీ పొడవైన స్థలం కదా. చర్చివాళ్ళ ముఖాలు చూడనని మా నాన్న స్థలాన్ని అడ్డంగా కొలిపించుకుని, గుమ్మం పక్కవీధి వైపు పెట్టి, ఆల్డర్ వీధికి ఇంటి వీపు చూపించాడు. ఇప్పుడు నగరం ఆ వీపునే ముఖంగా లెక్క కడుతోంది. ఒక్కో ఇంటివాళ్ళు ఒక వాటా కడితే మనకి దాదాపు మూడు పడతాయి. ఆలోచించుకుని చెబుతానని బ్రాండ్‌వోల్డ్‌తో అన్నాను.

ఒంటి మీదికి ఉన్ని చొక్కా వేసుకో. వంటవాడి సూపులో ఉప్పయినా ఉందో లేదో రాయి.

నీ
లెంపీ


ఆల్డర్ వీధి
జూన్ 20

ప్రియమైన ఆర్వోకి,

ఈసారి గాలి సంగతులు ముందు చదివేసి నన్ను తర్వాతకి వాయిదా వేయకు. ఇది మొదటి నుంచీ చదవాల్సిన ఉత్తరం.

ఆలోచించుకుంటానని పోయినసారి రాశాను చూడు, ఆ మాట రాసేనాటికే నా సంతకం సిరా ఆరిపోయింది. స్థలం మా నాన్న నా పేరున పెట్టాడు కాబట్టి నిన్ను అడగనక్కర్లేదని బ్రాండ్‌వోల్డ్ అన్నాడు. అడగలేదు. అడిగితే వద్దంటావని కాదు, "నీ ఇష్టం" అంటావని. ఆ రెండు మాటలూ రాసి, నువ్వు కూడబెట్టిన డబ్బంతా తీసి నగరానికి కట్టి, మళ్ళీ ఓడెక్కేస్తావని భయపడ్డాను. నాకు భయమా అని నవ్వకు. నువ్వు ఓడ దిగడం అన్న ఒక్క విషయంలో నాకు భయమే.

వచ్చే శీతాకాలానికి ఓడ మానేసి ఒడ్డుకి వచ్చేస్తానని నువ్వు చెప్పడం ఇదేమీ మొదటిసారి కాదు. ప్రతిసారీ మార్చి వచ్చేసరికి "ఇంకొక్క ఏడాది" అంటావు. ఒకసారి ఓడకి కొత్త కెప్టెన్ అన్నావు, ఒకసారి సొంతంగా కొనాలనుకున్న చేపల పడవకి డబ్బు చాలదన్నావు, ఒకసారి ఏ కారణమూ చెప్పలేదు. నేను నవ్వుతూనే నీ సంచీ సర్దాను. కానీ నా భర్తకి నాకంటే సరస్సే ఎక్కువ ఇష్టమన్న మాట గొంతులో అడ్డుపడి ఇన్నేళ్ళూ అలాగే ఉంది. ఇప్పుడు రాసేశాను, ఇక నా గొంతుకి హాయి.

అంత భయపడుతూ సంతకం ఎందుకు చేశావంటావు. మీ అమ్మ వల్ల చేశాను. నీకు రాయవద్దని నా చేత ఒట్టు పెట్టించుకుంది. నేను హాలు మనిషిని, ఒట్లు మాకు పట్టవు.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున్న వంటింటి కిటికీలోంచి చూశాను. మీ అమ్మ చర్చి పంపు దగ్గర నుంచి స్లెడ్జి మీద పాల క్యాను లాక్కుంటూ వస్తోంది. రోడ్డు నడిమధ్యలో గుంట, దాని మీద పలచని మంచు. కాలు జారింది. క్యాను బోర్లాపడి నీళ్ళన్నీ ఆవిడ మీద పడ్డాయి. ఆర్వో, అరిస్తే వినపడేంత దూరంలో ఉంది, కానీ ఆ వైపు మన ఇంటికి తలుపు లేదు. ఇల్లంతా దాటి, పక్కవీధి గుమ్మంలోంచి బయటపడి, మూల తిరిగి, మంచులో చెప్పుల్లేకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. ఎవరినీ పిలవలేదు. లంగా అంచు అప్పటికే గట్టిబడుతోంది.

ఎత్తి తీసుకొచ్చి మన సౌనాలో కూర్చోబెట్టి రాళ్ళు వేడెక్కించాను. మా నాన్న కట్టిన ఆ ఆవిరి గదిలో మీ వాళ్ళెవరూ ఇంతవరకు అడుగు పెట్టలేదు. చాలాసేపటికి ఒళ్ళు వెచ్చబడి, రాళ్ళ మీద కాసిని నీళ్ళు పోయమంది. ఆవిరి బాగుందని ఒప్పుకుంది. ఆ తర్వాత వీధి వైపు గోడని చూస్తూ, "మీ నాన్న మా మీద కోపంతో ఈ గోడ కట్టాడు. అది నీ కాళ్ళకి తగిలింది" అంది. నా అరికాళ్ళు కోసుకుపోయాయని అప్పటిదాకా నాకే తెలియలేదు. కూతుర్నో కోడల్నో పట్టుకుని ఏడ్చే మనిషి కాదు కదా ఆవిడ. నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో తుడుస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి సంతకం చేశాను. చర్చి కాగితం మీద కాదు, హాలు కాగితం మీదా కాదు. మూడో కాగితం అడిగి దాని మీద చేశాను.

పోయిన సోమవారం కౌన్సిలు విచారణ జరిగింది. పెళ్ళికి వచ్చినట్టు మనవాళ్ళంతా ఎడమవైపు, మీ వాళ్ళంతా కుడివైపు కూర్చున్నారు. ఈ పనికి ఒప్పుకునేవాళ్ళు మాట్లాడండన్నాడు అధ్యక్షుడు. ఎవరూ మాట్లాడలేదు. అయితే వద్దనేవాళ్ళు మాట్లాడండన్నాడు. అప్పుడూ ఎవరూ మాట్లాడలేదు. ఆయనకి చెమట పట్టింది. ఇంతమంది ఊరికే గోడలు చూడటానికి వచ్చారా అని పక్కాయనతో గుసగుసలాడాడు. అప్పుడు మీ అమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"బాబూ, వద్దనుకుంటే ఇంటి దగ్గరే ఉండేవాళ్ళం. కానివ్వండి."

ఉర్హో బాబాయ్ ఎడమవైపు నుంచి గట్టిగా దగ్గాడు. ఆయన దగ్గితే సమ్మతమని నాకు తెలుసు, అధ్యక్షుడికి నేనే చెప్పాను. తీర్మానం అయిపోయింది. గొట్టాలు కరిగి ఇప్పుడు అవతల నీళ్ళు వస్తున్నాయి గానీ, వచ్చే చలికాలం గడ్డకట్టకముందే కొత్తవి పడతాయి.

ఇక మన వాటా సంగతి. శీతాకాలంలోపు ఒకేసారి కట్టేయవచ్చు. లేదంటే ఇంటి పన్నుతో పాటు పదిహేనేళ్ళు కొంచెం కొంచెంగా, వడ్డీతో కట్టుకోవచ్చు. నీ పద్ధతి నాకు తెలుసు. మీ నాన్న పొలం బ్యాంకువాళ్ళు తీసుకుపోయిన రోజు నుంచి నువ్వు ఎవరికీ ఒక్క డాలరు బాకీ లేవు. కుర్చీ అయినా నగదే, పొయ్యి అయినా నగదే. ఒకేసారి కడితే చేపల పడవ డబ్బు పోతుంది, డబ్బు పోతే నువ్వు మార్చిలో "ఇంకొక్క ఏడాది" అంటావు.

నేనలా ఒప్పుకోను. నాకు రోడ్డూ కావాలి, నువ్వూ కావాలి. ఒకటిచ్చి ఒకటి తీసుకునే బేరం నాతో పెట్టుకోకు. పదిహేనేళ్ళకి వేయించుకుందాం. బడి వంటగదిలో పని అడిగాను, సెప్టెంబరు నుంచి రమ్మన్నారు. ఏటేటా పడే వాయిదా నా జీతంతో తీరుతుంది. నువ్వు చేయాల్సింది రెండే పనులు. బాకీ ఉండటం నేర్చుకోవాలి, ఓడ దిగాలి. రెంటిలో ఏది కష్టమో నాకు తెలియదు. జవాబులో గాలి గురించి రాశావంటే మాత్రం ఆ ఉత్తరం ఉర్హో బాబాయ్‌కి ఇచ్చి హాలులో చదివిస్తాను.

నీ
లెంపీ


ఓడ మీద నుంచి
జూలై 2

లెంపీకి,

గాలి గురించి రాయను.

నీ ఉత్తరం బక్కెట్లో వచ్చింది. ఇంజను గదిలో కూర్చుని చదివాను, మళ్ళీ చదివాను. ఒట్టు తప్పినందుకు నిన్ను ఏమీ అనను. నాకు తెలిసిందని అమ్మకి చెప్పకు. నీ కాళ్ళు ఎలా ఉన్నాయి? రాయి.

సరస్సంటే నాకు ఇష్టం లేదు. ఇన్నేళ్ళుగా నీకు చెప్పలేదు గానీ ఎప్పుడూ లేదు. ఇక్కడ నా పని ఏమిటో నాకు తెలుసు. ఇంటికొస్తే ఉదయం లేచి ఏం చేయాలో తెలియదు. మీ నాన్న కట్టిన ఇంట్లో ప్రతి మేకూ ఆయనే కొట్టాడు. నాకంటూ కొట్టడానికి ఒక్క మేకు మిగల్చలేదు. శీతాకాలం సెలవుల్లో వంటింటి కిటికీ దగ్గర నిలబడి అవతల అమ్మ ఇల్లు చూస్తూ, ఇటు ఒక తలుపుంటే ఎలా ఉండేదో ఊహించుకునేవాణ్ణి. అందుకే ఇంకొక్క ఏడాది అన్నాను. నీకంటే ఏదో ఎక్కువై కాదు.

నువ్వు రాసిన రెండు పనుల్లో ఓడ దిగడం తేలిక. కెప్టెన్‌కి ఇవాళే చెప్పేశాను. ఈ సీజను ముగిశాక నా మంచం వేరేవాడికి ఇస్తారు.

బాకీ సంగతికి చాలా సేపు పట్టింది. నా వయసు యాభై తొమ్మిది. పదిహేనేళ్ళు బాకీ పడాలంటే పదిహేనేళ్ళు ఇంటి దగ్గర ఉంటానని మాట ఇవ్వాలి. ఏటా ఆ కాగితం వచ్చినప్పుడు నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటానని మాట ఇవ్వాలి. అలా మాట ఇవ్వడానికి ఎవరైనా భయపడతారు. నేను ఇస్తున్నాను. పదిహేనేళ్ళకే వేయించు. బడిలో పని నీకు నచ్చితే చెయ్యి, వాయిదా కోసం వద్దు. చేపలు నేను పడతాను.

ఇంకో సంగతి. ఆ గోడ మందం ఎంతో, వంటింటి కిటికీ కింద నేల నుంచి ఎత్తు ఎంతో కొలిచి రాయి. కాలిబాట పోసేవాళ్ళకి చెప్పు, ఆ కిటికీ ఎదురుగా రెండు మెట్లకి చోటు వదలమను. అంత డబ్బు పోసి వీధి వైపు ముఖం కొనుక్కున్నాం, దానికి తలుపు పెట్టాలి. నేను దిగగానే మొదటి పని అదే. మేకులు నా దగ్గరున్నాయి.

తలుపు తెరిస్తే అమ్మ కనపడాలి. ఉర్హోని కూడా పిలువు, గోడ కోయడానికి ఇద్దరు కావాలి.

బాగున్నాను. ఈసారి నిజంగానే.

ఆర్వో