జడ తొందరగా అల్లొద్దు

బావా,

నిన్ను లేపలేదు. చిన్నదాని డబ్బా కట్టి పొయ్యి పక్కన పెట్టాను. లేవగానే కడుపునొప్పి అంటుంది. బడి ఎగ్గొట్టే వేషాలని కసరకు. మిల్లు మూతపడి మనిద్దరం వేరే పనుల్లో చెరో షిఫ్టుకి మారినప్పటి నుంచి అది బెంగ పెట్టుకుంది, అంతే.

ఇవాళ జడ నిదానంగా వెయ్యి. ముందు కొసల దగ్గర చిక్కు తీసి, తర్వాత పైకి వెళ్ళు. నిన్న తాడు పేనినట్టు రెండు నిమిషాల్లో కానిచ్చేశావట. అది మన మొహం చూస్తూ ఏమీ చెప్పదు బావా. మనకి వీపు తిప్పి కూర్చుంటేనే నోరు విప్పుతుంది. "ఏమైంది, ఏమైంది" అని గుచ్చి గుచ్చి అడగకు. ఊ కొడుతూ ఉండు, చాలు. జడ పూర్తయినా మాట పూర్తికాకపోతే, "అయ్యో, వంకర పోయిందే" అని విప్పేసి మళ్ళీ అల్లు. నేనూ అదే చేసేదాన్ని. ఆ సంగతి దానికి ఇప్పటికీ తెలీదు.

ఏం చెప్పిందో ఈ కాగితం వెనక రాసిపెట్టు. సాయంత్రం నేనడిగితే "ఏం లేదమ్మా" అంటుంది. పొద్దుటిపూట దాని గొంతు విని పది రోజులైంది. బస్సులో నా చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉంటున్నాయి.

గ్యాస్ కట్టేశావో లేదో చూసుకుని వెళ్ళు.

మర్చిపోయాను. ఆదివారం ఇద్దరికీ సెలవే. దాని జడ అయ్యాక దువ్వెన లోపల పెట్టెయ్యకు. తర్వాత నేను కూర్చుంటాను, నీకు వీపు తిప్పి. రెండుసార్లు విప్పాల్సి వస్తుందేమో.