నాన్న తుపాకిలో ఇరుక్కున్న గుల్ల

అలాస్కా తీరం,
ఏప్రిల్ 14, 1972.

ప్రియమైన ఈవాన్ అన్నయ్యకు,

తీరపు మంచు విడిపోవడానికి ఇంక ఎక్కువ రోజులు లేవు. ఆలోగా నాన్న తుపాకి సంగతి తేలాలి. అది నీ మాటతో తప్ప తేలదు గనుక, బడిలో పిల్లలకు లెక్కలిచ్చి ఇది రాస్తున్నాను. అందరం క్షేమమని రాయమని నాన్న చెప్పాడు. రాశాను.

టెక్సాస్ ఎండకు నీ ముక్కు మీద తోలు ఊడుతోందని చదివి వినిపిస్తే ఒలింకా అత్త నమ్మలేదు. "తోలూడ్డమేంటే? వాణ్ణి సైన్యంలోకి తీసుకున్నారా, చేపలెండబెట్టే పందిట్లో వేలాడదీశారా?" అంది.

అక్కడ తుపాకులు బాగుచేసేవాడివి గనుక నువ్వడిగినవన్నీ చూశాను. తుపాకిని వెచ్చటి ఇంట్లోకి తెచ్చారేమో, లోపల చెమర్చి మళ్ళీ గడ్డకట్టిందేమో అన్నావు. మనింట్లో ఆ పని ఎవరు చేస్తారు? అది బయటి వసారాలోనే ఉంది. చలికి నూనె చిక్కబడుతుందంటే, కిరోసిన్‌తో కడిగి పొడిగా తుడిచాను. వేళ్ళు కొంకర్లు పోయినప్పుడల్లా లోపలికెళ్ళి టీ కప్పు పట్టుకుని వచ్చేదాన్ని. తూటా పేలాక మిగిలే ఖాళీ గుల్ల అంచును పట్టి లాగే కొక్కెం అరగలేదు. గుల్లల అంచులు చిరగలేదు. నువ్వు పంపిన కొత్త స్ప్రింగు వేశాను. పాతదీ అంతే పొడుగుంది.

గోనె మీద పరిచిన ముక్కల్ని దాటకుండా అత్త గోడవారగా నడిచింది. "వేటసామాను ఆడది దాటకూడదని దీనికి తెలుసు, విప్పకూడదని మాత్రం తెలీదు" అని నాన్నతో అంది.

"విప్పితే విప్పనీ. తిరిగి బిగించడం వస్తే చాలు" అన్నాడు నాన్న.

బిగించాను. అయినా అదే తీరు. నాన్న ఒకసారి కాలిస్తే గుల్ల సగం బయటికి వచ్చి ఇరుక్కుంటుంది, రెండో తూటా ఎక్కదు. నీళ్ళలో తల ఎత్తిన సీల్ దానికోసం ఆగుతుందా? ఈ వసంతంలో మనింటికి ఒక్క సీల్ రాలేదు. సీల్ నూనె అడుగంటింది. అత్త వాళ్ళు మాంసం పంపుతున్నారు. ఊరికి పంచిపెట్టిన ఇల్లు మనది. ఆ గిన్నె గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోతున్నాడు.

చివరికి, వేరే ఎవరిచేతనైనా కాల్పించి చూడమన్నావు కదా. ఈస్టర్ మర్నాడు అత్త కొడుకు యాకో బావ, నాన్న, నేను మంచు మీదికి వెళ్ళాం. బావ కాలిస్తే గుల్లలన్నీ ఎగిరి దూరంగా పడ్డాయి. నేను కాలిస్తే కూడా పడ్డాయి. "నస్తా, కళ్ళు మూసుకుని కాల్చినా పనిచేస్తోందే" అని బావ వెక్కిరించాడు. నాన్న కాల్చాడు. ఇరుక్కుంది.

"దీనికి ముసలాళ్ళంటే పడదురా" అని నాన్న నవ్వాడు. బావ నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు నన్ను వెనక ఆపాడు.

"ఆ రకం తుపాకిలో కాల్చిన దెబ్బకు గొట్టం మొత్తం వెనక్కి జరిగితేనే గుల్ల బయటపడుతుంది. భుజం గట్టిగా ఆనితేనే జరుగుతుంది. మామయ్య భుజం ఆనట్లేదు, దెబ్బతో పాటే వెనక్కి పోతోంది."

"ఆయనకు చెప్పావా?"

"నాకు వేట నేర్పినాయనకా? నువ్వు చెప్పు, చదువుకున్నదానివి."

నేనూ చెప్పలేదు. ఎందుకో చెప్పాలంటే, నీకు దాచిన మాట చెప్పాలి. నాన్నను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాననీ, భుజం నొప్పికి మందిచ్చారనీ రాశాను. డాక్టరు చెప్పింది అది కాదు. ఊపిరితిత్తి పైభాగాన క్యాన్సరు పుట్టి భుజం నరాల దాకా పాకిందట. కోయడానికి లేదట. జూన్‌లో నదిలోకి సాల్మన్ చేపలు వచ్చేదాకా ఉంటే ఎక్కువట. నాన్న నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమంటున్నాడమ్మా?"

"నరం పట్టేసిందట నాన్నా. నెమ్మదిగా సర్దుకుంటుందట."

"మంచి మాట చెప్పాడు. ఎండుచేపలు పంపిస్తానని చెప్పు."

ఆ ఒక్క మాటా డాక్టరుకు సరిగ్గా చెప్పాను. ఆ గదిలో మన భాషా ఇంగ్లీషూ రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మనింట్లో ఆడవాళ్ళెవరూ వెళ్ళని బడికి నన్ను పంపింది నాన్నే.

భుజం బాగుపడుతోందనీ, లోపం తుపాకిదేననీ నాన్న నమ్ముతున్నాడు. అందుకే కిందటి వారం ఒంటరిగా మంచు అంచుకు వెళ్ళాడు. ఇరుక్కున్న గుల్లను కత్తిమొనతో పెకిలిస్తుంటే వెనక మంచు చీలి ఆయన నిలబడ్డ పలక నీళ్ళలోకి కదిలిపోయింది, ఆయన చూసుకోలేదు. బావ పడవేసుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. మంచును చూడకుండా నిలబడిన మనిషి మన నాన్నేనంటే నువ్వు నమ్మవు.

గుల్లను బయటికి తన్నే చిన్న ముక్క నువ్వు పంపితే అంతా సరవుతుందని ఆయన ఆశ. నీ ఉత్తరం వచ్చేదాకా వెళ్ళనని నాకు మాటిచ్చాడు. మంచు విడిపోయేలోగా రాకపోతే ఉన్నదాంతోనే వెళతాడట.

తుపాకి పని అయిపోయింది, ఆ ముక్కలు ఇక దొరకవు అని నువ్వు రాస్తే నమ్మి ఇంట్లో కూర్చుంటాడు. కూర్చుని, పెట్టింది తింటూ, ఏమీ తెలియకుండా పోతాడు. నిజం రాస్తే తెలిసి పోతాడు, బహుశా మంచు మీదే. నాకు మూడో దారి కనిపించడం లేదు.

డాక్టరు మాట ఒకసారి మార్చాను. నీ మాట మార్చలేను. నువ్వు ఏది రాస్తే అది ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తాను. మే అయిదున దిగే తపాలా విమానంలో నీ జవాబు ఉండాలి అన్నయ్యా. ఆ తర్వాత వచ్చే ఉత్తరం ఎవరికి చదవాలో నాకు తెలియదు.

ఇట్లు,
నీ చెల్లెలు
నస్తాసియా