రెండు సాక్ష్యాలు

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మ చర్చి నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే ఒక కరపత్రం నా చేతిలో పెట్టింది. జమ్మలమడుగులో మార్చి ఏడు నుంచి మూడు రోజులు సువార్త సభలు. కింద ఒక ఫోటో. తెల్ల చొక్కా, నెరిసిన మీసం, జోడించిన చేతులు, నవ్వు. ‘కొడవలి పట్టిన చేతులకు పరలోక భాగ్యం. బ్రదర్ ఆదినారాయణ సాక్ష్యం.’

పదిహేనేళ్ల వయసులో కోర్టు వరండాలో చూసిన ముఖమే. అప్పుడు మీసం నల్లగా ఉండేది.

ఇరవై ఒక్క ఏళ్ల కిందట మా నాన్నను చంపినవాడు ఇతనే.

అమ్మ పప్పుకు తాళింపు వేస్తూ, నా వైపు తిరగకుండా మిగతాది చెప్పింది. చివరి రోజు తనను స్టేజీ మీదికి పిలుస్తారట. ఇతన్ని క్షమించానని మైకులో చెప్పాలట. కూతురు కూడా పక్కన నిలబడితే బాగుంటుందని పాస్టరు గారు అన్నారట.

నేను అన్నం తినలేదు. ముప్పై నాలుగేళ్లు వచ్చాక కోపంతో అన్నం మానేయడం సిగ్గుచేటు. తెలుసు. అయినా తినలేదు.

ఫిబ్రవరి 10, లంచ్ బ్రేక్

పొద్దున్నుంచి ఇరవై రెండు ఎక్స్‌రేలు. ఊపిరి బిగబట్టండి, వదలండి. ప్రొద్దుటూరులో ఈ స్కాన్ సెంటర్లో పదకొండేళ్లుగా ఇవే రెండు మాటలు చెప్పి బతుకుతున్నాను. ఎముక విరిగితే విరిగిందని ఫిల్మ్ చెబుతుంది. దానికి మొహమాటం లేదు. అందుకే నాకు ఈ పని ఇష్టం.

నాన్నకూ మొహమాటం ఉండేది కాదు. పేరు ఓబులేసు. పులివెందుల చుట్టుపక్కల రైతులకు బోరు పాయింట్లు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని కాదు, మీటరుతో. నాలుగు ఇనుప కడ్డీలు భూమిలో దిగ్గొట్టి, వైర్లు తగిలించి, రీడింగులు రాసుకునేవాడు. నీళ్లుంటే ఉన్నాయనేవాడు. లేకుంటే లేవనేవాడు. కాపుకొచ్చిన బత్తాయిలతో సహా చీనీ తోట కళ్లముందే ఎండిపోతున్న మనిషికి లేవని చెప్పడం ఎంత కష్టమో! అయినా చెప్పేవాడు. తిట్లు తిని వచ్చేవాడు.

దేవుణ్ణి నమ్మేవాడు కాదు. దాని మీద ఉపన్యాసాలూ ఇచ్చేవాడు కాదు. అమ్మ కొండకు పోదామంటే బస్సెక్కించి పంపేవాడు.

2002లో ఒక ఊళ్లో టీ అంగడి ముందు ఒక మనిషిని నలుగురు నరికారు. పట్టపగలు. అక్కడ పదిహేను మంది ఉన్నారు. 2004లో కేసు కోర్టుకు వచ్చేసరికి అందరూ మేం చూడలేదన్నారు. నాన్న ఒక్కడే చూశానన్నాడు. దేవుని మీద ప్రమాణం చేయనని, నిజం చెబుతానన్న మాట చాలని జడ్జిని అడిగాడట. ఆయన సరేనన్నాడట. నలుగురి పేర్లూ చెప్పాడు.

పన్నెండు రోజుల తర్వాత మోపెడ్ మీద ఇంటికి వస్తుంటే కల్వర్టు దగ్గర ఆపారు.

నరికింది నేనేనని ఒప్పుకుని ఆ కేసును ఆదినారాయణ తన మీద వేసుకున్నాడు. యావజ్జీవం పడింది. జైల్లో ప్రభువు కనిపించాడట. సత్ప్రవర్తన కింద ముందే బయటికొచ్చాడు.

ఫిబ్రవరి 12

కరపత్రం చించలేదు. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పాస్టరు గారు ఇంటికి వచ్చారు. ఆయన మంచి మనిషి. ఆ మాట రాయకపోతే ఈ డైరీ అబద్ధమవుతుంది. నాన్న పోయాక బంధువులు భయపడి మా గడప తొక్కలేదు. మేం జమ్మలమడుగు చేరితే, అక్కడి ఈయన చర్చి ఆడవాళ్లు నలభై రోజులు వంతులేసుకుని అమ్మ పక్కన పడుకున్నారు. ఆసుపత్రిలో అమ్మకు ఆయా పని ఇప్పించారు. నా ఉద్యోగం కోసం ప్రొద్దుటూరు వచ్చాక కూడా అమ్మ ఆ చర్చి వదల్లేదు. వాళ్లు తెచ్చిన అన్నం నేనూ తిన్నాను. నన్నడిగితే అమ్మ దేవుడి దగ్గరికి పోలేదు, ఆ ఆడవాళ్ల దగ్గరికి పోయింది. దేవుడు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి దేవుణ్ణీ ఒప్పుకుంది. అమ్మ ముందు ఈ మాట అంటే ఊరుకోదు.

కానీ బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచీ అమ్మను ఒక ప్రశ్న తినేస్తోంది. తను పరలోకానికి పోతే నాన్న అక్కడ ఉండడు. నమ్మకుండా పోయినవాళ్లకు అక్కడ చోటు లేదు.

ఈరోజు పాస్టరు గారు ఆ ప్రశ్నకు జవాబు తెచ్చారు. కల్వర్టు దగ్గర నాన్న చివరి ఊపిరిలో రెండు చేతులూ జోడించి, ప్రభువా నన్ను చేర్చుకో అన్నాడట. ఆదినారాయణ తన చెవులతో విన్నాడట. కాబట్టి నాన్న అక్కడే ఉన్నాడట. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు.

“ఆ ఒక్క మాట అనకుండా పోయింటే?” అని అడిగాను.

పాస్టరు గారు తీర్పు మన చేతిలో లేదన్నారు. నలభై ఆరేళ్లు నిజం చెప్పి బతికినదానికి లెక్క లేదా, చివరి అరనిమిషానికే లెక్కా అని అడిగాను. కృప అంటే అదేనమ్మా అన్నారు. చంపినవాడు, చచ్చినవాడు ఇద్దరూ ఒకే చోట ఉంటారా అని అడిగాను. ఉంటారు, అక్కడ కన్నీళ్లుండవు అన్నారు. దానికి మా నాన్న ఒప్పుకున్నాడా, ఎవరైనా అడిగారా అన్నాను.

అమ్మ లేచి టీ గ్లాసులు తీసేసింది. ఇక చాలని అర్థం.

ఫిబ్రవరి 17

గౌసియా రిసెప్షన్‌లో ఉంటుంది. మొగుడు వసీం కువైట్‌లో డ్రైవర్. జరిగింది చెప్పాను. అమ్మ సంతోషంగా ఉంటే నీకేం నష్టమక్కా అంది. పోయాక ఏమీ లేదనుకుంటే భయం కాదా అని కూడా అడిగింది. వాళ్ల స్వర్గంలో, జన్నత్‌లో, వసీంకు డ్యూటీలుండవట. ఆ మాట చెప్పినప్పుడు దాని ముఖం చూసి నేను వాదించలేదు.

గౌసియాతో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఆ స్వర్గం వద్దు. లేదని మాత్రమే కాదు. ఉన్నా వద్దు. కొందరు లోపల పాటలు పాడుతుంటే కొందరు బయట కాలుతుండాలి. ఆ వాసన తగలకుండా పాడగలిగినవాళ్లు ఎలాంటి మనుషులు? ఆ పాడేది కూడా ఎన్నాళ్లు? అంతం లేకుండా. రోజంతా పొగిడించుకునే మనిషిని మా ఓనరు రూపంలో రోజూ చూస్తూనే ఉన్నాను, సాయంత్రం ఐదింటికి ఎలా బయటపడదామా అనిపిస్తుంది. ఇక్కడ జరగని న్యాయం అక్కడ జరుగుతుందని చెప్పి, ఇక్కడ అడగాల్సినవాళ్ల నోళ్లు మూయించారు. ఆ పదిహేను మందిలో ఎంతమంది పైవాడు చూసుకుంటాడులే అనుకుని ఇళ్లకు పోయారో.

నాన్నకు ఏ ఆశా లేదు. నిజం చెబితే పైన చోటు దొరుకుతుందని సాక్ష్యం చెప్పలేదు. చెప్పకపోతే కాలుస్తారన్న భయంతోనూ చెప్పలేదు. చూశాడు కాబట్టి చెప్పాడు. ఆ పని మీద ఇప్పుడు వీళ్లు ముద్ర వేసి, మా మనిషే అని జేబులో వేసుకుంటున్నారు. చంపినవాడి నోటి మాట మీద.

అసలు నాన్న ఆ మాట అన్నాడా?

ఫిబ్రవరి 23, ఆదివారం

పులివెందుల పోయి వచ్చాను. అమ్మకు చెప్పలేదు.

ఆదినారాయణ ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక చీనీ తోటకు వాచ్‌మన్. రేకుల షెడ్డు, నులక మంచం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పేరు చెప్పకముందే గుర్తుపట్టాడు. నుదురు మా నాన్నదేనట. చెంబుతో నీళ్లిచ్చాడు. దాహంగానే ఉంది. అయినా తాగలేదు.

నాన్న చివర ఏమన్నాడని అడిగాను. చేతులు జోడించడం, ప్రభువా అనడం, అంతా అప్పజెప్పాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో కూడా తెలుసు.

“అది స్టేజీ మీద చెప్పేది. నాకు జరిగింది చెప్పు” అన్నాను.

అతను ఒక చీనీ కాయ తీసుకుని కత్తితో కోయబోయాడు. నేను ఆ కత్తి వైపు చూశాను. నేను చూడడం అతను చూశాడు. కత్తిని మంచం కింద పెట్టేశాడు.

“ఆయప్ప దండం పెట్టలేదు పాపా. పరిగెత్తనూ లేదు. ‘నేను సూసిందే కదప్పా చెప్పినా’ అన్నాడు. అంతే.”

చీనీ చెట్ల మధ్య ఎక్కడో మోటారు ఆడుతోంది. నాన్న గొంతు ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఆ మనిషి నోట్లోంచి విన్నాను. అవును, అది నాన్నే. ఆ ‘అప్పా’ కూడా నాన్నదే. చంపడానికి వచ్చినవాణ్ణి కూడా అప్పా అన్నాడు.

అబద్ధం ఎందుకని అడిగాను. పోయిన డిసెంబరులో మా అమ్మే ఒక మనిషిని పంపి అడిగించిందట, చివర్లో ఏమైనా అన్నాడా, దేవుణ్ణి తలచుకున్నాడా అని. “ఆయమ్మ అడిగితే లేదని చెప్పేకి నాకు నోరు రాలేదు” అన్నాడు. ఆ మనిషి జవాబును అమ్మకు కాక ముందు పాస్టరు గారికి చేర్చాడట. ఆయన వేరే ఊళ్ల సభల్లో చెప్పమన్నారు. చెబితే జనం ఏడ్చారు. ఇక వెనక్కి తీసుకోలేకపోయాడట.

జమ్మలమడుగు స్టేజీ మీద నిజం చెప్పమన్నాను. నువ్వు చెప్పకుంటే నేనే చెబుతానన్నాను.

“చెబితే మీ అమ్మకు మొగుడు రెండోసారి పోతాడు పాపా.”

మొదటిసారి ఎవరు పంపారని అడిగి ఆటో ఎక్కాను. ముద్దనూరు దాటేదాకా బస్సు కిటికీ కడ్డీ వదల్లేదు. అతను అబద్ధం చెప్పినందుకు కాదు. అమ్మ గురించి అతనన్న ఆఖరి మాట నిజమైనందుకు.

ఫిబ్రవరి 26

అమ్మ తెల్ల చీరకు ఫాల్ కుట్టుకుంటోంది. సభకట. పాడుకుంటోంది కూడా. ఆమె గొంతు ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

చెప్పలేకపోతున్నాను.

మార్చి 1

చెప్పేశాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, పులివెందుల పోవడం దగ్గర్నుంచి ఒక్క మాట వదలకుండా చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు. అంతా అయ్యాక అంది:

“ఆయప్ప అట్లనే అనింటాడు.”

నీకు ముందే తెలుసా అని అడిగాను. గింజల గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి పోయింది.

మార్చి 4

మూడో రోజు. మాటల్లేవు. కూరలో ఉప్పు మాత్రం సరిగ్గా వేస్తోంది.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం మూడు

జమ్మలమడుగు నుంచి ఇప్పుడే వచ్చాం. మరిచిపోకముందే రాయాలి.

పొద్దున అమ్మ తెల్ల చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. వస్తావా అని అడగలేదు. నేనే చెప్పులు వేసుకున్నాను. షామియానా కింద వెయ్యి మంది ఉంటారు. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆదినారాయణ మైకు పట్టుకున్నాడు. ఊరు, ముఠా, టీ అంగడి, కోర్టు. కల్వర్టు దగ్గరికి వచ్చాడు. ‘ఆయన మోపెడ్ దిగినాడు’ అన్నాడు. అప్పుడు మా వైపు చూశాడు.

ఆగిపోయాడు. స్పీకర్లు గుయ్యిమంటున్నాయి. ఎవరో హల్లెలూయా అన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు.

“ఆ మనిషి ప్రభువును పిలవలేదు. ఆ మాట నేను కల్పించినా. నేను సూసిందే చెప్పినా అన్నాడు, అంతే. ఇన్ని దినాలు మీకు అబద్ధం చెప్పినా.”

జనంలో గుసగుసలు. పాస్టరు గారి ముఖం పాలిపోయింది. పాపం, ఆయనకు నిజంగా తెలియదు. పాట ఎత్తుకోమని కీబోర్డు వాయించేవాళ్లకు సైగ చేశారు. అప్పటికే అమ్మ మెట్లు ఎక్కుతోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కింది. మైకు తీసుకుంది.

“నేను తిరుపాలమ్మను. ఓబులేసు పెండ్లాన్ని. నా మొగుడు దేవుణ్ణి నమ్మలేదు. సూసింది సూసినట్టు చెప్పినాడు, దానికే పాయ. నేను ప్రభువును నమ్ముతాండా. రేపు పోతే ఆయన కాడికే పోతా. పోయి వాకిట్లో నిలబడి అడుగుతా, నా మొగుడు యాడ అని. చెప్పినాకనే లోపలికి పోతా.”

ఆమె ఆదినారాయణ వైపు తిరిగింది. అతను తల వంచుకుని ఉన్నాడు.

“ఈ మనిషిని క్షమించేది నా ఒక్కదాని చేతిలో లేదు. సగం ఆయప్పది. ఆయప్ప లేడు.”

మైకు స్టాండుకు తగిలించి దిగి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకంటే కూర్చోలేకపోయాను.

బయటికి పోతుంటే కొందరు ఆడవాళ్లు ముఖం తిప్పుకున్నారు. నలభై రోజులు అమ్మ పక్కన పడుకున్నవాళ్లలో ఒకరు, వెంకటసుబ్బమ్మ, గేటు దాకా వచ్చి, అమ్మ చేయి పట్టుకుని నిలబడింది.

ఆ వాకిలి ఉందని నేను నమ్మను. ఒకవేళ ఉంటే, అమ్మ అక్కడ నిలబడ్డ రోజు లోపలివాళ్లకు కష్టమే.

ఆదినారాయణ గురించి కూడా రాయాలి. ఆ అబద్ధం అతనికి అన్నం పెడుతోంది, పేరు తెస్తోంది. ఈరోజుతో రెండూ పోయాయి. ఆ నిజానికి పైన అతనికి మార్కులేమీ పడవని నా నమ్మకం. అతని నమ్మకం ఏమిటో నాకు తెలియదు. చెప్పిన ఆ ఒక్క నిమిషం అతన్ని మనిషిగా చూశాను. క్షమించలేదు. క్షమించను. రెండూ రాసి పెడుతున్నాను.

మార్చి 11

అమ్మ జడ వేయించుకుంటూ అడిగింది, పోయినాక ఏమీ ఉండదని నిజంగానే అనుకుంటాండావా అని. అనుకుంటున్నానన్నాను. జడ కొసకు రబ్బరు బ్యాండు తనే వేసుకుంది.

“అట్లయితే మనకుండేది ఈ దినాలే. రేపు లీవు పెట్టు, ఇద్దరం ఇంట్లోనే ఉందాం.”

పెట్టాను.