గని సైరన్ మోగితే యాడికి ఉరకాల

యశ్వంతనగర్, మంగళవారం రాత్రి

కోడలా, ఈ పొద్దు జరిగింది పుస్తకంలో నేను చెప్పినట్లే రాయి, మార్చొద్దు.

ఈ పొద్దు ఆఫీసరు వచ్చి, "మిషన్లో భూకంపం గుర్తు కనబడితే గని సైరన్ మోగిస్తాం, ఇండ్లలోంచి బయటికి రండి" అన్నాడు.

"ఏమప్పా, గనిలో మందు పేల్చేముందు మోగేదీ ఆ సైరనే గదా! రాళ్లు ఎగిరొస్తాయని మేము లోపలికి ఉరుకుతాం. ఏది దేనికో ఎట్ల తెలిసేది?" అంటి.

"పైకి రాస్తాలే అవ్వా" అని జీపెక్కినాడు.

సాయంత్రం సైరన్ మోగింది. నువ్వు బిడ్డనెత్తుకొని లోపలికి ఉరికితివి. భూకంపమేమోనని "బయటికి రా!" అని అరిస్తి. వస్తివి. కొండలో మందు పేలింది. "లోపలికి పో!" అని నేనే తోస్తి.

రేపు మోగితే నన్ను చూడొద్దు తల్లీ. యాడికి పొమ్మనాలో నాకు తెలీదు.