సైన్సు క్లాసు తవ్విన గొయ్యి

ఏలూరు,
తేది: 08-09-2025, సోమవారం.

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు వారి సముఖమునకు,

కొత్తగరువులంక ఉన్నత పాఠశాల వాచ్‌మన్ షేక్ మదార్, తండ్రి లేటు బాజీ, వయస్సు 58 సంవత్సరములు, వ్రాసి సమర్పించుకొను అర్జీ.

విషయం: పై పాఠశాల ఆవరణలో భూమి–పర్యావరణ శాస్త్రం క్లాసు నిమిత్తం తవ్విన గొయ్యి గురించి, సస్పెండు కాబడిన ఉపాధ్యాయురాలు జాయ్సీ గారి గురించి, పాఠశాల బోరు నీటి గురించి.

అయ్యా,

1. ఈ విద్యాసంవత్సరం జూన్ మాసము నుండి మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులకు భూమి–పర్యావరణ శాస్త్రం అను కొత్త కోర్సు ప్రారంభించబడినది. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు. సదరు కోర్సును తాడేపల్లిగూడెం నుండి రోజూ రైలులోను, ఆటోలోను వచ్చి వెళ్లు జాయ్సీ మేడం గారు బోధించుచుండిరి. విద్యార్థులు ముప్పై ఒక్కరు. వారుగాక, వరండాలో స్టూలు వేసుకుని కిటికీ గుండా వినుచుండినది నేను.

2. ఆగస్టు 23వ తేదీ శనివారం నాడు మట్టి పొరలను పరిశీలించు నిమిత్తం మేడం గారి ఆధ్వర్యంలో విద్యార్థులు ప్రహరీ గోడ ప్రక్కన గొయ్యి తవ్వియున్నారు. సుమారు మూడడుగుల లోతున గడ్డపార తగిలి ఒక సీసా పగిలినది. గొయ్యిలో ఉన్న అఖిల అను విద్యార్థిని చేతులపై, ముఖముపై అందలి ద్రవము చిందగా, ఆమె అస్వస్థతకు గురియై ఏలూరు ఆసుపత్రిలో ఆరు దినములు చికిత్స పొందినది.

3. తదుపరి జరిగిన విచారణలో, అనుమతి లేకుండా విద్యార్థులచే ప్రమాదకరమైన పని చేయించినారను కారణముపై మేడం గారు సస్పెండు కాబడినారు. కోర్సు నిలిపివేయబడినది. గొయ్యి ఇసుకతో పూడ్చబడినది. ఆ సీసా అక్కడికి ఎట్లు వచ్చినదో నాకేమియు తెలియదని నేను వాంగ్మూలం ఇచ్చియున్నాను.

4. సదరు వాంగ్మూలం అబద్ధము.

ఇక్కడిదాకా తమ ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసే ఆయన రాశారు, అయ్యా. ఆ తరవాతి మాట నేను చెప్పగానే ఆయన కలానికి మూత పెట్టేశారు. "ఇది నా చేత్తో రాయనండి. రేపు నన్నూ సాక్ష్యానికి పిలుస్తారు," అని కాగితం నా చేతికిచ్చేశారు. ఇక్కడి నుంచి నా రాత. ఏడో తరగతి వరకు చదివాను. తప్పులుంటే మన్నించాలి.

5. ఆ సీసాలు పాతిపెట్టింది నేనే.

పధ్నాలుగేళ్ల క్రితం ఆ స్థలం చేపల చెరువు. యజమాని ఈశ్వరప్రసాద్ గారు. నేను ఆయన దగ్గర చెరువు కాపలా. ఆయనకి పురుగుమందుల కొట్టు కూడా ఉండేది. ఒక మందుని ప్రభుత్వం వారు నిషేధించారు. కంపెనీ వెనక్కి తీసుకోలేదు, అమ్మితే కేసు. ఎండాకాలం చెరువు ఎండగట్టినప్పుడు, పట్టపగలే, ట్రాక్టరు మీద తెచ్చి దింపారు. ముప్పైరెండు అట్టపెట్టెల సీసాలు, ఏడు నీలం పీపాలు. గట్టు వారన కందకం తీసి నేనూ, ఇంకో ఇద్దరు కూలీలూ పేర్చి మట్టి కప్పాం. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. "విషం కదండీ, ఇక్కడేనా?" అని అడిగాను. "భూమి అన్నీ అరాయించుకుంటుందయ్యా," అన్నారు ప్రసాద్ గారు. నేనూ అదే నమ్మాను. నమ్మితే సుఖంగా ఉంటుంది గనుక నమ్మాను.

తరవాత ఆ చెరువు పూడ్చి, స్థలాన్ని బడికి విరాళంగా ఇచ్చారు. ఎనిమిదేళ్లయింది బడి లేచి. గేటు మీద ఆయన తండ్రి గారి పేరుంది. నాకు వాచ్‌మన్ పని ఇప్పించిందీ ఆయనే. బోరు వేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కందకానికీ బోరుకీ నా అడుగులతో ముప్పై నాలుగు అడుగులు. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

6. జాయ్సీ మేడం గురించి చెప్పాలి. మొదటి వారమే నన్ను కిటికీ దగ్గర చూసి, "మదార్ గారూ, బయటెందుకండీ, లోపలికి రండి," అన్నారు. నేను వెళ్లలేదు. అయినా మట్టి పాఠం వచ్చినప్పుడు నన్ను పిల్లల ముందు నిలబెట్టి, కొల్లేటి మట్టి సంగతులు చెప్పమన్నారు. ఏ మట్టి గట్టుకి నిలుస్తుంది, ఏది కాలుని లాగేస్తుంది, నత్తగుల్లలు కనిపిస్తే ఒకప్పుడు అక్కడ నీళ్లుండేవని అర్థం అని చెప్పాను. పిల్లలు నోట్సు రాసుకున్నారు. నా మాటలు ఒకరు రాసుకోవడం నా జన్మలో అదే మొదలు.

జులై నెల చివరి శనివారం మేడం ఒక గాజు తొట్టి తెచ్చారు. అందులో ఇసక పోసి, తడిపి, ఒక మూల నీలం సిరా గుడ్డ పాతిపెట్టారు. రెండో మూల చేతులు కడుక్కునే మందు సీసా పంపు గుచ్చారు. అది బోరన్నమాట. పిల్లలు వంతులేసుకుని నొక్కారు. మంచినీళ్లే వచ్చాయి.

"రాలేదండి మేడం!" అన్నాడు పృథ్వీ అనే కుర్రాడు.

"ఆగవయ్యా. భూమికి తొందరుండదు," అన్నారు మేడం.

ఇంకో పది పదిహేను నొక్కులకి నీళ్లలో నీలం దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తల తిప్పి బోరు వంక చూశాను, అయ్యా. బడికి తాగే నీళ్లు క్యాన్లలో వస్తాయి. క్యాన్లు రాని రోజున పిల్లలు బోరే తాగుతారు. మధ్యాహ్న భోజనానికి బియ్యం కడగడం, పళ్లాలు కడగడం అన్నీ బోరుతోనే. ఆ రోజు నుంచి నేను ఇంటి నుంచి నీళ్ల సీసా తెచ్చుకుని తాగాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నేను తెచ్చుకున్నాను, పిల్లలకి చెప్పలేదు.

7. గొయ్యి తవ్వేరోజున మేడం ముగ్గుతో గుర్తు పెట్టారు. సరిగ్గా కందకం చివర.

"అక్కడొద్దండి మేడం," అన్నాను.

"ఎందుకండీ?"

"మట్టి మంచిది కాదండి."

ఆవిడ నవ్వారు. "మంచిది కాకపోతే మరీ మంచిదండీ, పొరలు బాగా తెలుస్తాయి. అటుపక్కంతా కొత్తగా పోసిన గ్రావెలే కదా. పాత చెరువు అడుగు ఇక్కడే దొరుకుతుంది."

పాము పుట్ట ఉందని ఒక అబద్ధమాడినా సరిపోయేది. ఆడలేదు. సీసాలు ఇంకా లోతునున్నాయి, వీళ్లు రెండడుగులతో ఆపేస్తారు అనుకున్నాను. గడ్డపార, పార నేనే తెచ్చి ఇచ్చాను.

పిల్లలు ఆపలేదు. ముచ్చటేసిందండి వాళ్లని చూస్తే. అఖిల టేపు పట్టి అంకెలు చెబుతుంటే పృథ్వీ రాసుకుంటున్నాడు. "అరవై సెంటీమీటర్లు, నల్లమట్టి... డెబ్బై, నత్తగుల్లలండి మేడం! మదార్ తాత చెప్పినట్టే ఉన్నాయి!" అని అరిచింది. తరవాత గడ్డపార తను తీసుకుంది. గాజు పగిలిన చప్పుడు నాకు వరండాలోకి వినిపించింది. కుళ్లిన వెల్లుల్లి వాసన. పిల్ల చేత్తో కళ్లు తుడుచుకుంది. నేను పరిగెత్తి వెళ్లి ఎత్తేసరికే నోటి వెంట చొంగ కారుతోంది.

ఆటోలో మేడం ఒళ్లో పడుకోబెట్టుకుని దారంతా కడుగుతూనే ఉన్నారు. ఆసుపత్రిలో డాక్టరు గారు, "ఏం తగిలింది? పాము కరిచిందా?" అని అడిగారు. మేడం, "మట్టి తవ్వుతుంటే ఏదో సీసా అండి, లేబుల్ లేదు, ఏమిటో తెలీదు," అని ఏడుస్తున్నారు. పిల్ల ఊపిరి ఎగదన్నుతోంది. అప్పుడు చెప్పాను, మందు పేరుతో సహా. డాక్టరు గారు పరుగు పెట్టారు. ఇంకో అరగంట తెలియకపోతే పిల్ల దక్కేది కాదని ఆ సాయంత్రం ఆయనే అన్నారు.

అఖిల నాయనమ్మ మంగతాయారు గారు మా బడిలోనే వంట చేస్తారు. ఆవిడ ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని మెల్లిగా అడిగారు: "మదారూ, సీసా మీద కాయితం లేదంట కదా. మందు పేరు నీకెలా తెలిసిందయ్యా?"

"వాసన బట్టండమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూశారు. "సరేలే," అని లోపలికి వెళ్లిపోయారు.

8. విచారణకి ముందు రోజు ఈశ్వరప్రసాద్ గారు నా గదికొచ్చారు. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడరు.

"పిల్ల బతికింది కదయ్యా. ఇసక పోయించేస్తున్నాను, ఇక దాని ఊసెత్తకు."

"మరి బోరండీ?"

"బోరుకేమైంది? ఎనిమిదేళ్లుగా తాగుతున్నారు, ఎవరైనా పోయారా? మీ అల్లుడు మన ఐసు ఫ్యాక్టరీలో బాగానే చేస్తున్నాడు కదా. పిల్లలు గలవాడు. చూసుకో మరి."

మర్నాడు విచారణలో ఆయన హెడ్మాస్టరు గారి పక్క కుర్చీలో కూర్చున్నారు. నాకేమీ తెలియదని చెప్పి సంతకం పెట్టాను. మందు పేరు నేనెలా చెప్పగలిగానో విచారణాధికారి గారు అడగలేదు.

మొన్న గురువారం మేడం తన పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. "మదార్ గారూ, ఆ రోజు మీరు అక్కడొద్దన్నారు. నేనే విన్లేదండి. తప్పు నాది," అన్నారు. ఆ గాజు తొట్టి ఒంటరిగా మోయలేకపోతుంటే ఆటోదాకా పట్టుకెళ్లి ఇచ్చాను. అప్పుడైనా చెప్పాల్సింది. తొట్టి ఆటోలో పెట్టి వెనక్కి వచ్చేశాను. ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు, అయ్యా. అందుకే వచ్చాను.

కావున తమరిని వేడుకునేది ఏమనగా: బోరు నీళ్లు ముందుగా పరీక్ష చేయించండి. కందకంలో మిగిలినవన్నీ తెలిసినవాళ్ల చేత తీయించండి, కూలీల చేత మాత్రం కాదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నేను చూపిస్తాను. బోరు తాగిన పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయించండి. జాయ్సీ మేడంని తిరిగి తీసుకుని ఆ కోర్సు నడిపించండి. అఖిలకి ఇంకా చెయ్యి వణుకుతోంది, అయినా శనివారం క్లాసు ఎప్పుడని అడుగుతోందట. నా విషయంలో చట్టం ఏది చెబితే అది చెయ్యండి. ఉద్యోగం ఉంచమని నేను అడగటం లేదు.

ఇన్నేళ్లూ మరొకరి మాటకి కట్టుబడినవాడి మనవి ఇది. దయతో చిత్తగించి, ఆలస్యం లేకుండా తమరే వచ్చి చూడాలని కోరుకుంటూ,

ఈ రోజు నుంచి తమ విధేయుడు,
షేక్ మదార్.

తా.క.: పొద్దున్న బస్సెక్కే ముందు బోరు మోటారు ఫ్యూజులు పీకి జేబులో వేసుకొచ్చాను. ఇది కూడా నేరమే అయితే పైవాటితో కలిపి రాసుకోండి. హెడ్మాస్టరు గారు పదకొండుసార్లు ఫోను చేశారు, ఎత్తలేదు. మంగతాయారు గారు చేస్తే ఎత్తాను.

"ఏవయ్యా మదారూ, నీళ్లు రావట్లేదు. బియ్యం దేంతో కడగను?"

"ఆ నీళ్లతో కడక్కండమ్మా," అని, ఇక్కడ అర్జీల లైన్లో నిలబడ్డవాళ్లందరూ వింటుండగానే మొత్తం చెప్పేశాను. ఆవిడ, "మా పిల్ల చేత తవ్వించకుండా నువ్వే తవ్వుండాల్సిందయ్యా," అని పెట్టేశారు.

పావుగంటకి మళ్లీ చేశారు. "పంచాయతీ ట్యాంకరు పిలిపించాను. పొయ్యి వెలిగించాను. నువ్వు ఆ కాయితం కలెక్టరు గారి చేతికిచ్చి రసీదు తెచ్చుకో. అది లేకుండా ఊళ్లోకి రాకు," అన్నారు.

అందుచేత, అయ్యా, రసీదు చేతికొచ్చేదాకా నేను ఇక్కడి నుంచి కదలను.