మామ గేరుబాక్సు, కోరుట్ల ఇంజను

మామా,

నేను, రాజేశాన్ని. నువ్వు పోయి మూడు నెలలు దాటింది. ఇంట్లో అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. లత నీ చొక్కాలు ఇంకా ఎవరికీ ఇవ్వనీయలేదు. సకల జనుల సమ్మె ముగిసింది, బస్సులు తిరుగుతున్నాయి. తెలంగాణ మాత్రం ఇంకా రాలేదు. వస్తుందంటావా?

ముందు నీకు కావలసిన కబురు చెబుతాను. బండి నడుస్తోంది. ఇంజను నువ్వు కోరుట్ల నుంచి తెచ్చిందే. గేరుబాక్సు నీదే, ఎవరూ మార్చలేదు. నమ్ము.

ఎలా నడిచిందో కూడా చెప్పాలి కదా... నువ్వు పని సగంలోనే వదిలి పోయావు.

అప్పటికి మన లారీ సత్తార్ భాయ్ మెకానిక్ షెడ్డులో నోరు తెరుచుకుని ఉంది. పాత ఇంజను దించేశారు. కోరుట్ల దగ్గర బోల్తా పడిన లారీలోంచి నువ్వు ఏరి తెచ్చిన ఇంజను పక్కనే కట్టెల మీద కూర్చుని ఉంది. అది కొత్త మోడలు, మన బండి పాతది. గేరుబాక్సు కూడా ఆ లారీదే తెద్దామని సత్తార్ భాయ్ చెప్పి చూశాడు. నువ్వు వింటేగా!

"గేరుబాక్సు ముట్టిండ్రంటే మంచిగుండది. అచ్చిన ఇంజనే సర్దుకోవాలె. ఇల్లుటం అచ్చినోడు ఇంటి గోడలు జరుపుతడా?"

అంటూ నా వైపు చూసి నవ్వావు. షెడ్డులో అందరూ నవ్వారు. నీ అక్క కొడుకునే అయినా, నీ బిడ్డ లతను చేసుకుని నీ ఇంటికే ఇల్లరికం వచ్చినవాణ్ణి కదా, తగలాల్సిన చోటే తగిలింది. నాకు ఒళ్లు మండింది. అప్పుడు నోరు మూసుకున్నాను, ఇప్పుడు చెబుతున్నా.

ఆ వెంటనే సమ్మె మొదలైంది. షాపులు బంద్, పనులు బంద్. నువ్వు ఊరుకున్నావా? ఒక అట్టపెట్టె చింపి, ఎర్ర రంగుతో 'జై తెలంగాణ' అని రాసి, ఇంజను లేని బండి ముందు కట్టావు.

"మన బండి సుత సమ్మెల ఉన్నది. అందరికి చెప్పుండ్రి."

కొన్నాళ్లకు అదే షెడ్డులో టీ తాగి, టైరుకు ఆనుకుని కూర్చున్నవాడివి మళ్లీ లేవలేదు. అంత తొందరేమొచ్చింది మామా?

నీ దినాలు ముగియగానే అత్తమ్మ ఒక మాట చెప్పింది. ఆయన లేని బండి మనకెందుకు, సమ్మె విడవగానే తుక్కు కొనే అతన్ని రమ్మన్నాను అని. వద్దంటే, లారీ కోసమే ఇల్లరికం వచ్చాడని నా వెనక అనేవాళ్లు ఎలాగూ అంటారు. కానీ ఆ లారీయే పోతే ఆ ఇంట్లో నేనేమిటి? లతతో కూడా ఈ మాట అనలేదు. నీతోనే అంటున్నా.

ఒక్కసారి బండి నడిపించి చూపిస్తే అత్తమ్మ మనసు మారుతుందేమోనని ఆశ. అందుకే, సమ్మె ఇంకొన్నాళ్లు సాగాలని జగిత్యాలలో స్వార్థంతో కోరుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నువ్వు ఉంటే నవ్వేవాడివి.

"నీకు నడుపుడొక్కటే అచ్చు. బండి కడుపుల ఏమున్నదో నీకేం ఎర్క?"

నిజమే, ఎరుక లేదు. ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను.

చిక్కు నీకు తెలిసిందే. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ గంటలా ఉండే ఆ ఇనుప గుల్ల, బెల్ హౌసింగ్... మన పాతది ఈ ఇంజనుకు కూర్చోదు. ఈ ఇంజనుది మన గేరుబాక్సుకు కూర్చోదు. లోపలి క్లచ్ ప్లేటుతోనూ అదే గొడవ. ప్లేటు వెడల్పు ఇంజనుకు తగ్గట్టు ఉండాలి, నడిమి పళ్లు గేరుబాక్సు షాఫ్టుకు పట్టాలి. ముందు నుంచి అల్లుడి కొలత, వెనక నుంచి మామ కొలత. నా మీద వేసిన జోకు చివరికి నాకే పనికొచ్చింది చూడు.

క్లచ్ ప్లేటు సంగతి కోరుట్లలో తేలింది. ప్లేట్లకు లైనింగు వేసే పెద్దాయన షట్టరు సగం దించుకుని లోపల కూర్చుని ఉన్నాడు. మన పాత ప్లేటు నడిమి భాగం ఊడదీసి, పెద్ద ప్లేటుకు రివిట్లు కొట్టి ఇచ్చాడు. నీ కబురు చెబితే సుత్తి పక్కన పెట్టేశాడు. నువ్వు వచ్చినప్పుడల్లా ఏదో ఒక గొడవ పెట్టుకునే పోయేవాడివట. ఇక గొడవ పడటానికి ఎవరొస్తారని నన్నే అడిగాడు.

ఇక మిగిలింది బెల్ హౌసింగ్. కొత్త ఇంజనూ పాత గేరుబాక్సూ కలిపి కొంతకాలం లారీలు వచ్చాయని, వాటిదైతే రెండు వైపులా కూర్చుంటుందని సత్తార్ భాయ్ అన్నాడు. అలాంటిది సిరిసిల్లలో పాత సామాన్లు అమ్మే దొడ్డిలో ఉండొచ్చని తెలిసింది. ఉత్త చేతులతో పోయి ఏది చూసి తేను? గేరుబాక్సు వైపు కొలత పుల్లతో తీసుకున్నాను. ఇంజను వైపు బోల్టు రంధ్రాలు ఒక్కోటి ఒక్కో చోట ఉన్నాయి, అచ్చు తీయాల్సిందే. దానికి అట్ట కావాలి. అన్నీ బంద్. బండి ముందు నీ అట్ట ఒక్కటే కనబడింది...

దాన్నే విప్పాను. నీ అక్షరాలకు జిడ్డు అంటకూడదని రాసిన వైపు నావైపు ఉంచి, ఖాళీ వైపు ఇంజను వెనక ముఖానికి ఆనించి, చిన్న సుత్తితో తట్టాను. రంధ్రాల అచ్చు చక్కగా పడింది. వాటిని చిల్లులు చేసి, అట్టను మోపెడ్ వెనక కట్టుకుని సిరిసిల్ల బయలుదేరాను.

దారి పొడుగునా జనం రోడ్డు మీదే ఉన్నారు. ఒకచోట పొయ్యిలు పెట్టి అక్కడే వండుతున్నారు. నీ అట్ట చూసి నన్ను ఉద్యమం మనిషి అనుకుని దారి ఇచ్చారు. ఈ చిల్లులేమిటని ఒకాయన అడిగితే, బోల్టులకు అని చెప్పాను. ఆయనకు ఏం అర్థమైందో గానీ భుజం తట్టి పంపించాడు.

సిరిసిల్లలో కరెంటు లేక మరమగ్గాలు ఆగి ఉన్నాయి. ఆ ఊరు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. దొడ్డిలో ఒక హౌసింగ్ దొరికింది. గేరుబాక్సు వైపు పుల్ల కొలత సరిగ్గా సరిపోయింది. ప్రాణం లేచి వచ్చింది. ఇంజను వైపు అట్ట పెట్టి చూస్తే కలవలేదు. పైన ఒక రంధ్రం నడుమకు కాకుండా ఎడమకు జరిగి ఉంటుంది కదా, ఇందులో అది కుడికి ఉంది. అట్టను గుండ్రంగా తిప్పి తిప్పి చూశాను. ఎంత తిప్పినా అంతే. వదిలేసి వెనక్కి బయలుదేరాను. తుక్కు కొనే అతని మొహమే కళ్ల ముందు కనబడుతోంది.

వేములవాడ దగ్గర మళ్లీ రోడ్డు ఆపారు. ఈసారి ఊరికే పోనివ్వలేదు, కూర్చోమన్నారు. కూర్చున్నాను. అట్ట ఎత్తి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. అక్షరాలు జనం వైపు, ఖాళీ వైపు నావైపు. చిల్లుల్లోంచి ఎండ నా మొహం మీద పడుతోంది. ఏమిటా అని చూస్తే, ఎడమకు ఉండాల్సిన చిల్లు కుడికి ఉంది!

ఇంజను ముఖమూ హౌసింగ్ ముఖమూ ఎదురెదురుగా కలుస్తాయి, దండం పెట్టినప్పుడు అరచేతులు కలిసినట్టు. ఇంజను మీద తీసిన అచ్చును హౌసింగ్ మీద బోర్లించాలి. అంటే నీ అక్షరాలు కిందికి పోవాలి. జై తెలంగాణ అన్న మాటను జిడ్డు ఇనుము మీద బోర్లా వేయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది మామా? అసలు ఆ ఆలోచనే రాలేదు. దొడ్డి అతనూ పక్కనే నిలబడి చూశాడు, అతనికీ రాలేదు.

నినాదం మధ్యలో లేచి మోపెడ్ వెనక్కి తిప్పాను. పక్కనున్నవాళ్లు ఏమనుకున్నారో ఏమో.

హౌసింగ్ నేను పడేసిన చోటే ఉంది. తువ్వాలతో దాని ముఖం శుభ్రంగా తుడిచాను. అయినా చెయ్యి ఆడలేదు. నీ రాత కదా... చివరికి బోర్లించాను. ప్రతి చిల్లులోంచీ ఒక్కో బోల్టు రంధ్రం కనబడింది. ఒక అక్షరానికి జిడ్డు అంటింది, ఏమీ అనుకోకు.

తర్వాత పని సత్తార్ భాయ్‌ది. ఇంజను ఎక్కించి, గేరుబాక్సును ముందుకు తోస్తే షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోకి మెత్తగా దూరింది. సుత్తి దెబ్బ కూడా అవసరం పడలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నీ దినాల్లో రాలేదు, అది అందరూ గమనించారు కూడా. బండి కింద పడుకుని ఏడిస్తే ఎవరికీ కనబడదు, అదొక్కటి నయం.

సమ్మె విడిచారన్న మర్నాడు బండిని ఇంటికి తెచ్చాను. లత గేటు దగ్గరే నిలబడి ఉంది. అత్తమ్మ బయటికి రాలేదు. కోపమేమో అనుకున్నాను. లత లోపలికి పోయి పిలుచుకొస్తే, అత్తమ్మ బండిని చూసి, ఇది ఎప్పుడొచ్చిందని అడిగింది. తనకు వినబడలేదంది.

ఇన్నేళ్లూ మన వాడ మలుపులో నువ్వు గేరు మార్చగానే గర్రుమని చప్పుడు వచ్చేదట. అది విని పొయ్యి మీద ఎసరు పెట్టేదట. పాత క్లచ్ పూర్తిగా విడవక గేరు పళ్లు రాసుకున్న చప్పుడది. మనిద్దరికీ అది మరమ్మతు పని. ఆమెకు నువ్వు ఇంటికొచ్చిన చప్పుడు. పని ఇంత బాగా చేశాం కదా మామా, అదే లేకుండా పోయింది.

అత్తమ్మ చాలాసేపు బంపరు మీద చెయ్యి వేసి నిలబడింది. రెండు రోజులకు తుక్కు అతను వస్తే మజ్జిగ ఇచ్చి పంపించేసింది.

ఇప్పుడు రాయికల్ నుంచి వడ్లు తోలుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆ మలుపులో క్లచ్ సగమే తొక్కుతున్నాను. గేరు గర్రుమంటుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల గిన్నె చప్పుడు వినబడుతుంది.

పళ్లు అరుగుతాయని తెలుసు. తిట్టకు మామా... రోజుకు ఒక్కసారే. మిగతా దారంతా పూర్తిగా తొక్కుతాను, ఒట్టు.

నీ అల్లుడు,
రాజేశం